తోసే గాలి, లాగే గాలి

నేను ఒక వెంటిలేటర్‌ని. చూశారా, పేరు వినగానే మీ మొహం ఎలా మారిపోయిందో! ఫలానా మనిషిని వెంటిలేటర్ మీద పెట్టారంట అని ఎవరైనా ఫోన్లో చెబితే చాలు, అవతలివాళ్ళు సగం ఏడుపు అక్కడే ఏడ్చేసి, ఏ బస్సుకి బయల్దేరాలా అని చూసుకుంటారు. నా దగ్గరికి వచ్చినవాడు మళ్ళీ ఇంటికెళ్ళడని మీ ఊళ్ళల్లో ఒక మాట పాతుకుపోయింది. నాకు ఒళ్ళు మండేది అక్కడే. నేను ప్రాణం తీసేదాన్ని కాదు మహానుభావా, గాలి తోసేదాన్ని. అంతకు మించి నాకేమీ చేతకాదు. జ్వరం తగ్గించను, విషం దింపను. తనంతట తాను ఊపిరి తీసుకోలేని మనిషికి, వాడి ఒళ్ళు కోలుకునేదాకా వాడి బదులు నేను ఊపిరి పోస్తాను.

ఇప్పుడు నేనుండేది ఆసుపత్రి వెనకాల పాత సామాన్ల గదిలో. నాకు అటుపక్క చక్రం ఊడిన స్ట్రెచర్, ఇటుపక్క ఎవర్ని నిలబెట్టినా ఒకే బరువు చూపించే తూకం మిషను. నా మొహం మీద మార్కర్ పెన్నుతో 'కండెమ్డ్' అని రాసి పోయారు. సరే, రాసుకోనివ్వండి. నాకు కావలసినంత తీరిక దొరికింది, మీరు దొరికారు.

పుట్టింది బెంగళూరు దాటాక ఒక రేకుల షెడ్డులో. నన్ను పరీక్ష చేసిన అమ్మాయి నా గొట్టం చివర అరచెయ్యి అడ్డం పెట్టి మూసేసింది. గాలి పోయే దారి లేక నేను గట్టిగా అరిచాను. "బాగా అరుస్తోంది" అని మెచ్చుకుని నాకు పాసు చీటీ అంటించింది. చూడండి విచిత్రం, అక్కడ అరిచినందుకు పాసు చేశారు, ఇక్కడికొచ్చాక అరిచినప్పుడల్లా నోరు నొక్కారు.

కరోనా రోజుల్లో లారీ ఎక్కించి గోదావరి వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రికి తోలారు. దిగిన రోజు నా వైభవం చెప్పనలవి కాదు. రిబ్బను కట్ చేశారు, కొబ్బరికాయ కొట్టారు, పెద్దవాళ్ళు నా భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగారు. ఆ మర్నాటినుంచి ఒక్కడు నా మొహం చూస్తే ఒట్టు! నన్ను నడిపే మనిషి లేక ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా గోడవారగా ఉంచేశారు. దసరాకి మాత్రం గుర్తుపెట్టుకుని పసుపు, కుంకుమ పెట్టారు. నేను గాలి పీల్చుకునే జాలీకి అడ్డంగా చామంతి దండ వేశారు. మనుషులకి ఊపిరి పొయ్యాల్సినదాన్ని, నాకే ఊపిరాడకుండా చేశారు.

ఆ కవరు చింపింది హైమావతి. మత్తు డాక్టరు. బదిలీ మీద వచ్చిన రోజే నన్ను చూసి, "ఇంత వస్తువు పెట్టుకుని రోగుల్ని కాకినాడ పంపిస్తున్నారా?" అని అందరి మీదా విరుచుకుపడింది. నాకు ఆవిడంటే అప్పటినుంచీ ఇష్టం. కోపిష్టి మనిషే. అయినా నేను అరిస్తే ఎందుకు అరిచానో చూడ్డానికి వచ్చేది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది మీకు అర్థం కాదు. రోగి ఒంట్లోకి చూసే కళ్ళు నాకు లేవు. లోపల తెలుపో నలుపో నాకు తెలియదు. నాకు తెలిసేదల్లా ఒక్కటే, గాలి తోస్తున్నప్పుడు ఎదురు ఎంత వస్తోంది. దాన్ని నీళ్ళ ఎత్తుతో కొలుస్తారు, ఇన్ని సెంటీమీటర్ల నీళ్ళని పైకి లేపేంత ఒత్తిడి అని. నా తెర మీద పెద్దగా కనబడే అంకె, తోసేటప్పుడు తగిలిన ఎదురంతా కలిపి. అందరూ దాన్నే చూస్తారు, దానికే భయపడతారు. కానీ ఆ ఎదురు రెండు చోట్ల పుడుతుంది. మీ పిల్లలకి ఎప్పుడైనా బుడగ ఊది పెట్టారా? మూతి దగ్గర వేళ్ళతో నొక్కిపట్టి ఊదితే బుగ్గలు నొప్పెడతాయి. అది దారి ఇరుకు. మూతి వదిలేసినా బుడగ రబ్బరు మొండిదైతే అప్పుడూ నొప్పెడతాయి. అది బుడగ బిగువు. ఊదేవాడి బుగ్గలకి మాత్రం రెండూ ఒకటే. తేడా తెలియాలంటే ఊదడం ఆపి, గాలి బయటికి పోకుండా పట్టుకుని చూడాలి. గాలి కదలనప్పుడు దారి ఎంత ఇరుకైతే మాత్రం ఏం? అప్పుడు మిగిలే ఎదురంతా బుడగదే.

నా దగ్గర అందుకొక బొత్తాం ఉంది. నొక్కితే ఊపిరి నింపి అక్కడే ఆగుతాను. పెద్ద అంకె కిందికి జారి ఒకచోట నిలబడుతుంది. నిలబడిన అంకె ఊపిరితిత్తుల సంగతి చెబుతుంది. పైనుంచి ఎంత జారిందో అది దారి సంగతి చెబుతుంది. నా ఒంటి మీది బొత్తాలన్నిటిలోకీ అసలు అరగనిది అదే. బాగా అరిగిపోయింది, నా అలారం నోరు మూయించేది.

ఇంకొక్క మాట. ఒత్తిడి మరీ పెరిగితే ఊపిరితిత్తి చిట్లుతుంది, అందుకని నాకొక హద్దు పెడతారు. హద్దు తగలగానే అరిచి, తోయడం ఆపేసి, గాలి బయటికి వదిలేస్తాను. అది రోగి మంచికే పెట్టిన ఏర్పాటు. కానీ దారి మూసుకుపోయినవాడికి ఆ మంచే ముంచుతుంది. లోపలికి గాలి చేరకముందే నేను చేతులెత్తేస్తాను కదా.

సుబ్బారాయుణ్ణి ఒక వానాకాలం పొద్దున్న తీసుకొచ్చారు. లంకభూముల్లో అరటితోట వాళ్ళది. కోసిన గెలలకి కాపలాగా పాకలో చాప వేసుకుని పడుకున్నాడు. తెల్లారి లేచి కడుపు నొప్పన్నాడు, రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దముద్దగా వచ్చి ఆగిపోయింది. ఒంటిమీద కాటు కనబడలేదు. కట్లపాము కరిస్తే అంతేనట, చీమ కుట్టినంత కూడా తెలియదట. పెద్దవాడు గంగరాజు తరవాత పిల్లలు నిలవక, వాళ్ళమ్మ పుట్టలో పాలు పోసి మొక్కుకుంటే పుట్టాడని అతనికి ఆ పేరు. పాము దేవుడి పేరు పెట్టుకున్నవాణ్ణి పామే కరిచిందేమిటని వరండాలో ఒకటే గుసగుసలు. పాము కరిచేముందు ఆధార్ కార్డు అడగాలి కాబోలు!

తల్లీ తండ్రీ పోయాక తమ్ముణ్ణి ఎత్తుకు పెంచింది గంగరాజే. ఆ రాత్రి పాకలో పడుకోవలసిన వంతు కూడా గంగరాజుదే. ఒళ్ళు నలతగా ఉందని తమ్ముణ్ణి పంపాడు. ఆ మాట వచ్చినవాళ్ళందరికీ తనే చెప్పుకునేవాడు, ఎవరూ అడక్కుండానే.

హైమావతి విషానికి విరుగుడు ఎక్కించి, గొంతులోకి గొట్టం దింపి, దాన్ని నాకు తగిలించింది. బయటికొచ్చి గంగరాజుకీ, సుబ్బారాయుడి పెళ్ళాం సీతామాలక్ష్మికీ నిలబెట్టి చెప్పింది. "విషం కండరాల్ని కట్టిపడేసింది. రెప్ప ఎత్తలేడు, వేలు కదపలేడు, ఊపిరి తీసుకోలేడు. కానీ బుర్ర బాగానే ఉంటుంది. మీరు మాట్లాడేది వినబడుతూ ఉంటుంది, అతని దగ్గర కాస్త చూసి మాట్లాడండి." ఇద్దరూ తలూపారు. ఇద్దరిలో ఒక్కరూ నమ్మలేదు.

నేను మాత్రం నమ్మాను. నాకు అతని ఊపిరితిత్తులు తెలుసు కదా. తోసేటప్పుడు పదహారు, ఆపి చూస్తే పన్నెండు. అరటి మొవ్వాకులా మెత్తగా విచ్చుకునేవి. బయటికి వదిలేటప్పుడు కూడా పూర్తిగా ఖాళీ కానివ్వకుండా అడుగున అయిదు నిలిపి ఉంచేదాన్ని, లేకపోతే లోపలి తడి గోడలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ అయిదు మీదినుంచి లేవడం, మళ్ళీ ఆ అయిదుకి రావడం, అంతా నేనే. అతని వైపునుంచి ఉలుకూ పలుకూ లేదు.

రోజులు గడిచినా అతను చెయ్యి కదపలేదు. టార్చి వేసి చూస్తే కనుపాప కూడా చిన్నదవలేదు. కట్లపాము విషానికి అదీ మామూలేనని హైమావతి చెప్పింది. చెబితే మాత్రం? వరండాలో ఇంకో రోగి తాలూకు పెద్దమనిషి, "కనుపాప కదల్లేదంటే ఇక అంతేనండీ, మిషను ఆడిస్తోంది కాబట్టి గుండె ఎగురుతోంది" అని తీర్పు చెప్పేశాడు. డాక్టరు ఎంత చదువుకున్నా సరే, మీరు వినేది పక్క బెంచీ మీద కూర్చున్నవాడి మాటే.

ఆ దెబ్బతో గంగరాజు కళ్ళు మంచం మీద పడ్డాయి. మా వార్డులో మంచాల తలలన్నీ ఉత్తరానికే ఉంటాయి. ఆక్సిజన్ పైపు ఆ గోడలో ఉంది మరి. వేసినవాడు దిక్కులు చూసి వెయ్యలేదు.

"సిస్టరుగారండీ, మావోడి తల ఉత్తరానికి ఉందండి. కీడండి. కాస్త తూరుపుకి తిప్పించరా?" అని నర్సు సలోమిని బతిమాలాడు.

"ఇది ఐసీయూ అండీ, మీ ఇంటి పడగ్గది కాదు. ఏ దిక్కున పడుకున్నా ఎక్కే మందు ఒకటే" అంది సలోమి. ఆవిడ చేతిలో ముగ్గురు రోగులు. ఆవిణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఇంకొంచెం నిదానంగా ఎందుకు కూడదో చెప్పి ఉంటే బాగుండేది.

మర్నాడు చూడనిచ్చే వేళకి గంగరాజు, సీతామాలక్ష్మి ఇద్దరూ లోపలికొచ్చారు. సలోమి అవతల తెర చాటున ఇంకో రోగికి ఒళ్ళు తుడుస్తోంది. గంగరాజు వంగి మంచం చక్రాల బిగింపు తీశాడు. గెలలు మోసిన భుజాలు అవి, ఒక్క తోపుకి మంచం తూర్పుకి తిరిగింది. నా గొట్టాలు బిగుసుకున్నాయి. గొట్టం ఊడొస్తుందేమోనని సీతామాలక్ష్మి బెదిరిపోయి, మొగుడి మొహాన్ని నావైపుకి వాల్చి, చెంప కింద తువ్వాలు మడత పెట్టింది. పైకి ఎంత పొందికగా ఉందనుకున్నారు! లోపల మాత్రం పెదవి మూల, ప్లాస్టరు కింద, గొట్టం మెలిపడి నొక్కుకుపోయింది. గంగరాజు తూర్పుకి తిరిగి రెండు చేతులూ జోడించాడు.

నా గుండె గుభేలుమంది. గుండె లేదనుకోండి, మాటవరసకి. పదహారు ఉండే అంకె ఇరవై ఎనిమిదైంది, చూస్తుండగా నలభైకి పోయి హద్దుని తగిలింది. అరిచాను. తోయడం ఆపాను. మళ్ళీ తోశాను, మళ్ళీ తగిలింది. నాలుగు గుక్కల గాలి వెళ్ళాల్సినచోట ఒక్క గుక్క కూడా వెళ్ళడంలేదు.

అప్పుడు గంగరాజు చేసిన పని చూడండి. సిస్టరు వచ్చి తిడుతుందని కంగారుపడి, చెయ్యి చాచి నా అలారం నొక్కేశాడు. ఏ బొత్తామో ఆయనకి ఎలా తెలుసంటారా? అక్కడ కూర్చున్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరూ నొక్కింది అదేగా! నా నోరు మూతపడింది. ఎర్రదీపం ఒక్కటే మూగగా వెలుగుతూ ఆరుతూ ఉంది. ఎవరైనా చూడండర్రా, మనిషి పోతున్నాడు అని నాలో నేనే ఏడ్చుకున్నాను.

రక్తంలో ప్రాణవాయువు చూపించే పక్క మిషను మొత్తుకుంటే అప్పుడు సలోమి పరిగెత్తుకొచ్చింది, వెనకే హైమావతి. వస్తూనే నన్ను విప్పి, చేత్తో నొక్కే సంచి తగిలించి నొక్కింది. అదీ బండరాయిలా ఉంది. అంటే తప్పు నాది కాదని తేలింది. చెవిగొట్టం ఛాతీ మీద పెట్టింది. "గాలి సరిగ్గా వినబడటంలేదు, కుడివైపు మరీను. ఊపిరితిత్తికి చిల్లు పడిందేమో, గాలి బయట చేరి నొక్కేస్తున్నట్టుంది. పెద్ద సూది ఇవ్వు సలోమీ, త్వరగా!"

నిజంగా చిల్లు పడి ఉంటే ఆ సూది ప్రాణం పోస్తుంది. కానీ ఇక్కడ చిల్లు లేదు. నిక్షేపంలాంటి ఊపిరితిత్తిలోకి ఆ సూది దిగితే అప్పుడు పడుతుంది అసలు చిల్లు, ఆ తరవాత నేను తోసే ప్రతి ఊపిరీ ఆ చిల్లుని పెద్దది చేస్తుంది. అమ్మా, ఆ బొత్తాం నొక్కు తల్లీ, ఒక్కసారి ఊపిరి ఆపి చూడు అని నేను ఎంత మొత్తుకున్నా నా అరుపులన్నీ ఒకేలా ఉంటాయి, ఏం చెయ్యను? మీరు నాకు అరుపు ఇచ్చారు గానీ మాట ఇవ్వలేదు.

స్పిరిట్ దూది ఛాతీ మీద రాసేసింది. సూది మూత తీసింది. అక్కడ ఆగింది.

"ఉండు. ఒక్కసారి చూసే దింపుతాను" అని నన్ను మళ్ళీ తగిలించి, హద్దు కాస్త పైకి జరిపి, నిండేదాకా తోయించి, ఎవరూ నొక్కని ఆ బొత్తాం నొక్కింది. నేను ఉన్న గాలిని పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నలభై ఎనిమిది దగ్గరున్న అంకె జారడం మొదలెట్టింది. ముప్ఫై. ఇరవై. పదమూడు దగ్గర నిలబడింది.

"ఊపిరితిత్తులు మెత్తగానే ఉన్నాయి! దారి, సలోమీ, దారిలో ఉంది!" అని సూది ట్రేలో పడేసింది. కఫం లాగే సన్నగొట్టం లోపలికి పంపితే నోటి దగ్గరే తట్టుకుని ఆగిపోయింది. ప్లాస్టరు పీకేసరికి మెలిక బయటపడింది. సర్దగానే గాలి జర్రున లోపలికి పోయింది. పదహారు. నాకు ఆ అంకె అంత ముద్దొచ్చిన రోజు ఇంకోటి లేదు.

అప్పుడు చూసింది హైమావతి, మంచం ఎటు తిరిగి ఉందో. "ఎవరు తిప్పారు దీన్ని?"

గంగరాజు గోడకి అంటుకుపోయి, "నేనేనండి. ఉత్తరం తల కీడని..." అన్నాడు.

"కీడు వచ్చింది నీ చేతుల్లోంచయ్యా! చంపేసేవాడివి తమ్ముణ్ణి!" అని అరిచేసింది. రోగి వింటాడని నలుగురికీ చెప్పిన మనిషి, ఆ మాట అతని తలకి మూరెడు దూరంలో నిలబడి అంది.

ఆ రోజునుంచి గంగరాజు మునుపటి మనిషి కాదు. పాకలోకి పంపింది తను, గొట్టం నొక్కింది తను. వరండాలో బంధువులు చేరి, ఊపిరి ఉండగా ఇంటికి తెచ్చుకోవడం నయమని, సొంత గుమ్మంలో పోతే ఆత్మకి శాంతని చెవినిల్లు కట్టుకుని పోరారు. తమ్ముడి పెదవి చివర ప్లాస్టరు పీకినచోట ఎండిన నెత్తురు చూసినప్పుడల్లా ఆయన మొహం తిప్పేసుకునేవాడు. చివరికొకరోజు పొద్దున్న హైమావతి ఎదుట నిలబడ్డాడు.

"తీసేయండమ్మా. తీసుకుపోతాం."

హైమావతి ఈసారి అరవలేదు. నా దగ్గరికి తీసుకొచ్చి, బొత్తాం నొక్కి చూపించింది. "ఇది చూడు గంగరాజూ. పన్నెండు. ఇంత మెత్తటి ఊపిరితిత్తులు పోయేవాడికి ఉండవు. విషం దిగాలి, అంతే. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు."

"అంకెలు మీకు తెలుస్తాయమ్మా. నాకు మావోడి మొహం తెలుసు. ఆ మొహంలో మావోడు లేడు."

"బావగారూ, ఇంకొక్క పూట చూద్దామండి" అంది సీతామాలక్ష్మి, తలొంచుకుని.

"ఎన్ని పూటలు చూస్తావమ్మా? నేను పెట్టిన హింస చాలదా వాడికి?"

నాకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు. చంపమని అడగట్లేదు ఆయన, ఇంకోసారి తన చేతుల మీదుగా ఏదైనా జరుగుతుందేమోనని వణికిపోతున్నాడు. కానీ నా లోపల గాలి గుండా ఒక భయం తిరుగుతోంది. ఇతను వింటున్నాడు. ఇతను అంతా వింటున్నాడు.

హైమావతి బొత్తాం మీంచి చెయ్యి తీసింది. తరవాత మెల్లిగా అంది. "వింటున్నాడని నేను మొదటిరోజే చెప్పాను. నువ్వు నమ్మలేదు. సరే, నాకు చెప్పిన మాట వాడి చెవిలో చెప్పు. వాడికి చెప్పకుండా నేను గొట్టం ముట్టుకోను."

గంగరాజు మంచం పట్టె పట్టుకుని వంగాడు. తమ్ముడి నుదుటి మీద చెయ్యేశాడు.

"ఒరే సుబ్బా, అన్నయ్యని రా. నేను చూడలేకపోతున్నానురా. గొట్టం తీసేయమని చెప్పేశాను. ఇంటికి పోదాం, ఏం?"

నేను అప్పుడే ఒక ఊపిరి వదిలి, అడుగున అయిదు దగ్గర ఆగి ఉన్నాను. ఆ అయిదు నాలుగైంది. మూడైంది.

ఎన్నాళ్ళుగానో తోసేదాన్ని నేనొక్కదాన్నే. ఆ క్షణంలో నా దగ్గర్నుంచి గాలిని ఎవరో లాక్కున్నారు. గెలలు మోసే ఒంటి బలం కాదు అది, తోక ఊపలేని చేపపిల్లంత బలం. అయినా లాగింది. వెంటనే తోడుగా నేనూ తోసి, రోగి తనంతట తానే లాగాడని గుర్తుగా తెర మీద గీత మొదట్లో చిన్న రంగు చుక్క వేశాను. నేను చెయ్యగలిగింది అంతే. ఒత్తిడి పెరిగితే అరుస్తాను, గొట్టం ఊడితే అరుస్తాను, కరెంటు పోతే అరుస్తాను. మంచి జరిగితే అరిచే ఏర్పాటు మాత్రం నన్ను చేసినవాళ్ళు పెట్టలేదు. ఎవరూ తెర వైపు చూడటంలేదు. గంగరాజు కళ్ళు తుడుచుకుంటున్నాడు, సలోమి గొట్టం కట్టు విప్పడానికి కత్తెర తెస్తోంది.

మళ్ళీ లాగాడు. మళ్ళీ చుక్క వేశాను. కత్తెర తెచ్చిన సలోమి ఆగిపోయి, "మేడమ్, ఇటు చూడండి" అంది.

హైమావతి పొంగిపోలేదు. గొట్టంలో చేరిన నీళ్ళు కదిలినా అలాంటి చుక్క పడుతుంది. నీళ్ళన్నీ పారబోసి మళ్ళీ చూసింది. తరవాత సుబ్బారాయుడి చెవి దగ్గర వంగి, "సుబ్బారాయుడూ, నా మాట వినబడితే ఇప్పుడు గాలి లాగు" అంది.

ఏమీ లేదు. నేనే తోశాను. ఇంకోసారి నేనే తోశాను. గంగరాజు తల అడ్డంగా ఊపడం మొదలెట్టాడు.

లాగాడు.

"ఆపు. నేను చెప్పేదాకా లాగకు." ఆపాడు. వరసగా నేనే తోస్తూ పోయాను, చుక్క లేదు. "ఇప్పుడు లాగు." లాగాడు. రెప్ప ఎత్తలేని మనిషి, వేలు కదపలేని మనిషి, నా గాలిలో రెండు సెంటీమీటర్ల నీళ్ళంత గుంట చేసి, అవునని జవాబు చెప్పాడు.

గంగరాజు ఉన్నపళాన నేలమీద కూలబడిపోయాడు. సీతామాలక్ష్మి మొగుడి పాదాలు రెండూ పట్టుకుని, "ఏవండీ, ఏవండీ" అని పిలుస్తూనే ఉంది, లాగుతున్నాడా లేదా అని మాత్రం నా తెర వైపు చూసుకుంటూ.

విషం దిగే వేళ వచ్చింది కాబట్టి లాగాడని హైమావతి తరవాత అందరికీ చెప్పింది. కావచ్చు. ఆవిడ చదువుకున్న మనిషి. కానీ ఆ మొదటి గుక్క ఏ మాట దగ్గర పడిందో ఆవిడ చూడలేదు, నేను చూశాను. తీసేయమని అన్న మాట దగ్గర పడింది.

ఆ తరవాత కాలివేళ్ళు కదిలాయి, రెప్పలు లేచాయి. నేను తోసేది తగ్గిస్తూ వచ్చాను, అతను లాగేది పెరుగుతూ వచ్చింది. గొట్టం తీసేశారు. ఇంటికెళ్ళేరోజు సుబ్బారాయుడు మంచం మీద కాళ్ళు వేళ్ళాడేసి కూర్చున్నాడు, గోడకి ఆనుకుని నేను ఊరికే నిలబడి ఉన్నాను. గంగరాజు తమ్ముడి చొక్కా గుండీలు పెడుతూ, ఎటో చూస్తూ అడిగాడు.

"ఒరే, అప్పుడు నీకు మాటలు వినబడేయంట కదా. ఎప్పట్నుంచి వినబడేయేంటి?"

గుండీ పెట్టే ఆ చేతులు ఆగిపోయాయి. నాకు మనిషి ఊపిరి తెలుసు కదా, ఆ పెద్దాయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. సుబ్బారాయుడు అన్న మొహంలోకి చూశాడు.

"డాక్టరమ్మగారు గాలి లాగమన్నారే, అదే అన్నయ్యా నేను విన్న మొదటి మాట. అంతకు ముందుదేదీ నాకు తెలీదు. ఆ ముందంతా నిద్రే."

గంగరాజు పట్టుకున్న ఊపిరి వదిలాడు. ఎంతసేపు పట్టుకున్నాడో, ఎన్నాళ్ళనుంచి పట్టుకున్నాడో. "అంతేలే. అదే మంచిది. అదే మంచిది" అంటూ మిగతా గుండీలు గబగబా పెట్టేసి, ఆటో తెస్తానని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆయన చెప్పుల చప్పుడు వరండా దాటేదాకా సీతామాలక్ష్మి ఆగింది. "నిజంగా ఏమీ వినలేదాండీ?" అంది.

సుబ్బారాయుడు తల దించుకుని, పెట్టిన గుండీనే మళ్ళీ సర్దుకున్నాడు.

"అన్నయ్య ముందు ఆ ఊసు ఇంకెప్పుడూ ఎత్తకే" అన్నాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.